పగిలిన కుండ చేపకు ఇల్లు



ఒకసారి ఇంటి చుట్టూ చూడండి. పందిరి విప్పితే మిగిలిన వెదురు కర్రలు ఉంటాయి. మూల పడేసిన గూనపెంకులు ఉంటాయి. అంచు పగిలిన కుండ ఉంటుంది. విరిగిన సిమెంటు గొట్టం ఉంటుంది. ఇవి దేనికీ పనికిరావు అనుకుంటారు. సొంత కుంట ఉన్న ఇంట్లో ఇవి పనికొస్తాయి. చేపలకు ఇల్లవుతాయి.

"చేపకు ఇల్లేమిటి? నీళ్లే కదా దాని ఇల్లు!" అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ కొత్తగా తవ్విన కుంటలో అడుగు నున్నగా ఉంటుంది. రాయి ఉండదు, రప్ప ఉండదు. దాక్కుందామంటే చాటు ఉండదు. అలాంటి నీళ్లలో వేలెడంత చేపపిల్లల్ని వదులుతారు. తెల్లారేసరికి కొంగ వస్తుంది. నీటికాకి మునుగుతుంది. లకుముకిపిట్ట దూకుతుంది. నీరుకట్టె పాము కూడా చేరుతుంది. పైసా పైసా కూడబెట్టి కొన్న పిల్లలు వాటి నోట్లో పడతాయి. చాటు ఉంటే కొన్నయినా బతుకుతాయి.

ఇంకో లాభం తిండి. కర్రని నీళ్లలో పాతితే కొన్నాళ్లకు దాని మీద పాచి పడుతుంది. ఆ పాచిలో కంటికి కనిపించని పురుగులు కూడా ఉంటాయి. రోహు చేప, అంటే శీలావతి, దాన్ని ఇష్టంగా గీక్కు తింటుంది.

ఇది కొత్త సంగతి కాదు. బంగ్లాదేశ్ జాలరులు నదుల్లో కొమ్మలు వేసి చేపల్ని చేరదీస్తారు. ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో కూడా ఈ పని చేస్తారు. తర్వాత బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు చెరువుల్లో వెదురు పాతి చూశారు. కర్రలు లేని చెరువుల కంటే అక్కడ చేపల దిగుబడి పెరిగింది. మన దేశంలో మంగళూరు మత్స్య కళాశాల వారు చెరకు పిప్పి, ఎండుగడ్డి, ఎండిన గుర్రపుడెక్క వేసి చూశారు. 1999లో ఆ ఫలితాలు చెప్పారు. చెరకు పిప్పి వేసిన చోట చేపలు బాగా పెరిగాయి.

మరి ఎలా పెట్టాలి?

వెదురు కర్రల్ని నిలువుగా పాతండి. కొనలు నీళ్ల పైకి రాకూడదు. వస్తే లకుముకిపిట్ట దాని మీదే కూర్చుని వేటాడుతుంది. కుండల్ని, గొట్టాల్ని అడుగున పక్కకి పడుకోబెట్టండి. నీలకంఠ రొయ్యలు పెంచేవాళ్లకు ఇవి మరీ అవసరం. రొయ్య పెరిగేటప్పుడు పైపెంకు విడుస్తుంది. అప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది. తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. గొట్టంలో దూరితే ప్రాణం దక్కుతుంది. ఎండు కొమ్మలు వేస్తే రాయి కట్టి ముంచండి. కొమ్మలుంటే దొంగచాటుగా విసిరిన వల కూడా చిక్కుకుంటుంది.

అయితే మీ వల కూడా చిక్కుకుంటుంది! అందుకే అన్నీ ఒక పక్కనే పెట్టండి. మిగతా కుంట వల లాగడానికి ఖాళీగా ఉంచండి. ఎన్ని కర్రలు పాతారు, ఎక్కడ పాతారు అన్నది పుస్తకంలో రాసుకోండి. వల వేసే ముందు లెక్క చూసి తీసేయండి. పిల్లల్ని ఆ కుంటలో ఈదనివ్వకండి. నీళ్లలో ఉన్న కర్ర కనపడదు.

ఇప్పుడు అసలు మాట. పాతది ప్రతిదీ కుంటకు పనికిరాదు.

పురుగుమందు డబ్బా ఎంత కడిగినా వద్దు. ఆ డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు ఉంటే అతి విషం. ఆకుపచ్చ ఉన్నా అది మందే. చదవడం వచ్చింది కదా, డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. ఇంజను ఆయిలు డబ్బాలు, రంగు వేసిన చెక్కలు, పాత బ్యాటరీలు వద్దు. చిరిగిన వల వద్దు, చేప మొప్పలు ఇరుక్కుంటాయి. జెముడు కొమ్మలు వద్దు, ఆ పాలు చేపకు విషం. గన్నేరు కూడా వద్దు.

పచ్చి ఆకులున్న కొమ్మలు కూడా వేయకండి. ఆకు కుళ్లితే నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. చెరకు పిప్పి, గడ్డి కూడా కుళ్లేవే. కొంచెం కొంచెంగా, మోపు కట్టి వేయండి. తెల్లవారుజామున కుంట దగ్గరికి వెళ్లి చూడండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వాటికి ఊపిరాడటం లేదని గుర్తు. వెంటనే ఆ మోపులు బయటికి లాగండి. కొత్త నీళ్లు పెట్టండి. ఆ పూట మేత వేయకండి. ఆలస్యం చేస్తే ఒక్క పొద్దులో కుంట మొత్తం తేలిపోతుంది.

ఇల్లు కట్టినంత మాత్రాన కడుపు నిండదు. తవుడు, చెక్క వేస్తూనే ఉండాలి. మొదట ఒక మూల, నాలుగు కర్రలు, రెండు కుండలతో మొదలుపెట్టండి. నెల్లాళ్లు చూడండి. కర్ర పైకి తీసి చేత్తో తడమండి. పాచి జారుతుంటే, దాని మీద చేపలు గీకిన గుర్తులు కనపడితే, మీ కుంటలో చేపలు ఆ ఇంటికి అలవాటు పడ్డట్టే.

ఆలోచించండి:
మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులేవి?
వాటిలో కుంటలో వేయదగ్గవి ఏవి? వేయకూడనివి ఏవి?
రెండు వరుసలుగా మీ పుస్తకంలో రాయండి.