మన జాడ మన చేతిలోనే



బొమ్మిడి స్టేషనులో పొద్దున్నే బండెక్కి, సేలం వెళ్ళి చదువుకునే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో అమ్మకు ఒకటే దిగులు. బండి దొరికిందో లేదో, చీకటి పడకముందే ఇల్లు చేరుతుందో లేదో అని. ఆ దిగులు తీర్చే సాధనం ఇప్పుడు అమ్మాయి చేతిలోనే ఉంది, అదే స్మార్ట్‌ఫోను. అయితే అమ్మకు జాడ చెప్పే ఆ ఫోనే, తెలియకూడని వాళ్ళకు కూడా చెప్పగలదు. జాడ ఎవరికి చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి అన్నది మన అదుపులో ఎలా ఉంచుకోవాలో ఈనాడు ముచ్చటించుకుందాం.

అసలు ఫోనుకు మన జాడ ఎలా తెలుస్తుంది? భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలు ఎప్పుడూ సంకేతాలు పంపుతూ ఉంటాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందుకుని, తానెక్కడుందో ఫోను లెక్క కట్టుకుంటుంది. ఉపగ్రహం మనల్ని చూడదు. ఆ లెక్కను ఇంటర్నెట్ ద్వారా బయటికి చేరవేసేవి ఫోనులోని యాప్‌లు. కనుక ముందు సరిచూసుకోవలసింది వాటినే.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, లొకేషన్ అనే చోటికి వెళ్ళండి. ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చారో అక్కడ కనిపిస్తుంది. ఎల్లప్పుడూ అన్న అనుమతి ఉన్న వాటిని ముందుగా చూడండి. దారి చూపే మ్యాప్‌కు, ఆటో పిలిచే యాప్‌కు "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది చాలు. టార్చిలైటుకు, ఆటల యాప్‌కు మన ఊరితో పనేమిటి? అనుమతి తీసేయండి. వాన కబురు చెప్పే యాప్‌కు మీ వీధి అక్కరలేదు. కచ్చితమైన లొకేషన్ అన్న మీటను ఆపేస్తే, దానికి మీరున్న ప్రాంతం మాత్రమే సుమారుగా తెలుస్తుంది.

ఇక గూగుల్ ఖాతా. మీరు ఒప్పుకుని ఉంటే, మీరు తిరిగిన చోట్లన్నీ టైమ్‌లైన్‌లో నమోదవుతాయి. దాన్ని ఆపవచ్చు, చెరిపేయవచ్చు. "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ" అన్నదాన్ని కూడా చూడటం మరవకండి. ఒక మీట ఆపినా మరో మీట ద్వారా జాడ నమోదయిందన్న ఫిర్యాదు మీదనే, 2022 నవంబరులో గూగుల్ సంస్థ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

మరి అమ్మ దిగులు సంగతి? వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలకు గాని, ఒక గంటకు గాని, 8 గంటలకు గాని పంపవచ్చు. గడువు తీరగానే అదే ఆగిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం "ఆపేవరకు" అన్న పద్ధతి కూడా ఉంది. మీ ఫోను కాసేపు చేతికి చిక్కితే చాలు, మీకు తెలియకుండా ఎవరైనా దాన్ని పెట్టవచ్చు. మ్యాప్స్‌లో మీ బొమ్మ మీద నొక్కి, లొకేషన్ షేరింగ్‌లో ఎవరి పేర్లున్నాయో అప్పుడప్పుడు చూసుకోండి. ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్ళు మాత్రం తొందరపడి ఆపకండి, అది అవతలివారికి తెలిసిపోతుంది. ముందుగా నమ్మకమైన వాళ్ళతో గాని, మహిళల సహాయ నంబరు 181లో గాని మాట్లాడండి. ఆపదలో 112.

ఒక మాట దాచకూడదు. లొకేషన్ ఆపినా, ఏ టవరు పరిధిలో ఉన్నామో సిమ్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

"తప్పు చేయనివాడికి దాపరికమెందుకు?" అని కొందరంటారు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2024 జూలై 8న మరో తీర్పులో, బెయిలు మీద విడుదలైన నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు వెంటాడే షరతు చెల్లదని చెప్పింది. నిందితుడికే ఆ రక్షణ ఉన్నప్పుడు, కాలేజీకి వెళ్ళే పిల్లకు ఉండవద్దా?

అమ్మాయిని అడిగి, ఆమె ఒప్పుకున్నంతసేపు చూస్తే అది రక్షణ. అడగకుండా చూస్తే అది కాపలా. ఈ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒక్క పది నిమిషాలు ఎవరి ఫోను వారు చూసుకోండి.