ఏ ఆబోతు సంతానం?



నేను ప్రకాశం నల్లరేగడి మీద పుట్టాను. మా ఒంగోలు జత పత్తిచేలో గుంటక లాగేది, మిరప బస్తాల బండి లాగేది. ఎద్దును కొనేటప్పుడు నాన్న సుడులు చూసి ఊరుకునేవాడు కాదు. తల్లి ఎవరింటి ఆవు, ఏ ఆబోతుకు పుట్టింది అని ఆరా తీసేవాడు. ఆ ప్రశ్నను ఇవాళ పట్టాలు అందుకున్న పశువైద్యులైన మీకు అప్పజెప్పాలనే వచ్చాను. అదెందుకు అవసరమో చూడండి.

1952లో అమెరికాలో ఆస్‌బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆబోతు పుట్టింది. దాని సంతతి పాలకు పేరుపడింది, వీర్యం ఖండాలు దాటింది. దాంతోపాటు ఒక లోపమూ దాటింది. తెల్లరక్తకణం పుండు దగ్గరికి చేరాలంటే ముందు రక్తనాళం గోడను పట్టుకోవాలి. ఆ పట్టునిచ్చే ప్రొటీన్లలో సీడీ18 ఒక భాగం. దాని జన్యువులో ఒక్క అక్షరం మారి, 128వ చోట ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్ వచ్చి కూర్చుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ మార్పు అందుకున్న దూడ నెత్తుట్లో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, కానీ నాళం దాటి రాలేవు. చిగుళ్ళు పుండ్లుపడి, నెమ్ము చేసి, చాలా దూడలు ఏడాదిలోపే పోతాయి. ఒక్కరి నుంచే అందుకున్న ఆబోతు మాత్రం నిగనిగలాడుతుంది. ఎంత అనుభవమున్న కన్నైనా దాన్ని పట్టుకోలేదు. 1992లో ఆ మార్పేదో తేలాక, డీఎన్ఏ పరీక్షతోనే అలాంటివాటిని ఏరగలిగారు.

తేడాలన్నీ లోపాలు కావు. 23వ క్రోమోజోము మీది డీఆర్‌బీ3 జన్యువు, క్రిమి ముక్కను టీ కణాలకు పట్టి చూపే ప్రొటీన్‌ను చేయిస్తుంది. పశువుల్లో దానికి వందల రూపాలు. ఒకటి పట్టలేని ముక్కను ఇంకొకటి పడుతుంది. మందలో ఆ రకాలు తరిగితే కొత్త రోగానికి మందంతా ఒకే తీరున లొంగిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరున్న ఆబోతు 1960లలో బ్రెజిల్ వెళ్ళింది. మన ఒంగోలు నుంచి వచ్చిన అక్కడి నెలోర్ జాతి మందల్లో దాని వంశం ఎంతగా విస్తరించిందో తలుచుకుంటే నా ఒళ్ళు పులకరిస్తుంది. అంత పెద్ద జాతి కొద్ది ఆబోతుల మీదే నిలబడిందని గుర్తొస్తే భయమూ వేస్తుంది. ఆ రకాలు తరగకుండా చూసుకోవడానికి మనకు ఒంగోలు పశువులను పెంచే లాం ఫారం ఉంది, చదలవాడ క్షేత్రం ఉంది, ఇంకా ఊళ్ళలో ఒంగోలు ఆవులున్నాయి.

రేపు పెదనందిపాడులోనో మద్దిపాడులోనో ఎదకొచ్చిన ఆవు దగ్గర మీరు నైట్రోజన్ డబ్బాలోంచి వీర్యం స్ట్రా తీస్తారు. "పుట్టే పెయ్య ఎన్ని పాలిస్తుందండీ, డాక్టరు గారూ?" అని రైతు అడుగుతాడు. జవాబు చెప్పండి. చెప్పి, స్ట్రా మీది ఆబోతు నంబరును ఆవు కార్డులో రాయండి. ఆ పెయ్య ఎదకొచ్చిన నాడు దాని తండ్రి స్ట్రానే మళ్ళీ దానికి వేయకుండా ఉండాలంటే, మీ తర్వాత వచ్చే డాక్టరుకు ఆ కార్డే ఆధారం.