పాత ఇంటికి తగిన కిటికీ



భద్రాచలమునకు దిగువను, గోదావరి గట్టున ఒక గ్రామములో మా పెద్దలు కట్టించిన మండువా లోగిలి కలదు. ఇటుకను సున్నముతో పేర్చిన గోడలు, పెంకు కప్పు, నడుమ వాన కురియు మండువా. వీధి గదికి రెండు కిటికీలు. 2022వ సంవత్సరము జూలై నెలలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక చేయుదురు. ఆనాడు మా వీధి గది కిటికీలు రెండును నీట మునిగినవి.

వరద తీసిన పిమ్మట వెళ్లి చూచితిమి. రెండింటిలో ఒకదాని రెక్కలు అంతకు కొన్నేండ్ల క్రిందట మార్చినవి. కర్రపొడిని జిగురుతో అదిమి, పైన నునుపైన పొర అంటించిన పలకలవి. అవి నానిన అటుకులవలె ఉబ్బి, ముట్టుకొన్నంతనే రాలిపోయినవి. రెండవది పాత టేకు కిటికీ. అతుకులలో ఒండ్రు చేరి, రెక్కలు చట్రమును కరచుకొని కదలలేదు. దానిని కడిగి, గది తలుపులు తెరచి నీడలో ఆరనిచ్చితిమి. నెల గడచునప్పటికి రెక్కలు వదులై తెరచుకొన్నవి. 1986 ఆగస్టులో, భద్రాచలము వద్ద నీరు 75 అడుగులు దాటిన వరదలో కూడ ఆ కిటికీ మునిగినదేనని మా పెద్దలు చెప్పుదురు.

ఇంత చూచియు మేము ఆ పాత కిటికీని తీసివేయుటకే సిద్ధపడితిమన్నచో మీరు నవ్వుదురేమో! పాత కలప కొనువాడొకడు వచ్చి ధర చెప్పెను. ఇంటిలోని పిన్నలు, రెండింటికిని జారు అద్దముల కిటికీలు పెట్టింతమనిరి. మమ్ము ఆపినవాడు ఊరి వడ్రంగి. "అయ్యగారూ, దీన్ని అమ్మిన డబ్బుతో ఇలాంటిది ఇంకొకటి చేయించగలరేమో కనుక్కోండి. చేయించగలిగితే అమ్మండి" అన్నాడు. విచారించితిమి. చేయింపలేమని తేలినది. ఆ విచారణలో తెలిసికొన్న సంగతులే నేటి మా ప్రసంగమునకు విషయము.

పాత ఇంటికి కిటికీ ఎన్నుకొనునపుడు మొదట ఆలోచింపవలసినది కర్రను గురించి కాదు, కిటికీ చేయవలసిన పనిని గురించి. ఇంగ్లండులో పదునేడవ శతాబ్ది చివరి భాగము నుండి ప్రచారములోనికి వచ్చిన కిటికీ యొకటి కలదు. దానిలో రెండు అద్దపు చట్రములు ఒకదాని వెనుక నొకటి పైకిని క్రిందికిని జారును. ప్రక్కల దాచిన త్రాళ్లు, కప్పీలు, బరువులు వానిని ఎక్కడ కావలసిన అక్కడ నిలుపును. పైచట్రమును కొంచెము దించి, క్రిందిచట్రమును కొంచెము ఎత్తినచో వేడిగాలి పైనుండి వెడలును, చల్లగాలి క్రిందినుండి వచ్చును. తెలివైన ఏర్పాటే. కాని మన పాత ఇండ్ల నాలుగు రెక్కల కిటికీ చేయునదియు ఇదియే కదా! పై జంట, క్రింది జంట వేరువేరుగా తెరచుకొనును. వీధిలో పోవువారి చూపు పడకుండ క్రింది జంటను మూసి, పై జంటను తెరచి యుంచవచ్చును. రాత్రి నాలుగింటిని తెరచినను నిలువు ఊచలు కాపుండును. జారు కిటికీ తెరచుకొనునది సగమే. అది కర్రదైనచో వానకు ఉబ్బి, తన జాడలోనే బిగుసుకొనును. మే నెలలో 45 డిగ్రీలు దాటుట అరుదు కాని మా సీమలో మూసిన కర్ర రెక్క ఎండను ఆపును; వట్టి అద్దము ఆపదు.

ఇక కర్ర మాట. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. ఎదుటి గట్టు నిజాము రాజ్యము. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలియువరకు నది పేరుకు ఎల్లగా నుండెను గాని, కలపకు అదియే రాచబాట. అడవిలో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరము వైపు దింపెడివారు. ఆనాటి దుంగ అడవిలో తనంతట తాను దీర్ఘకాలము పెరిగిన చెట్టుది. అందు చేవ యెక్కువ. టేకులో చెదను, తడిని ఓర్చుకొను గుణము చేవకు మాత్రమే కలదు. దాని చుట్టు నుండు తెల్లని భాగమునకు లేదు. నేడు బజారులోనికి వచ్చు టేకులో చాలభాగము తోటలలో పెంచి, చిన్నవయసున నరికినది. దానిలో తెలుపు పాలు హెచ్చు. రెంటిని టేకనియే అమ్ముదురు. పేరు ఒక్కటే, ఆయువు వేరు.

కావున ఇంటిలో పాత కిటికీ ఉన్నచో, కొత్తదానిని వెదకుటకు ముందు దానిని పరీక్షింపుడు. ఒక సన్నని ఆర తీసికొని చట్రము అడుగు పట్టెను, రెక్కల క్రింది అంచును, గోడకు ఆనిన చోట్లను గుచ్చి చూడవలెను. ఆర దిగకున్నచో కర్ర గట్టిది. మెత్తగా దిగినచో అచట పుచ్చు కలదు. సాధారణముగా పుచ్చునది నీరు నిలుచు అడుగు భాగమే. పుచ్చినంత మేర కోసి, అదే జాతి కర్రముక్కను ఏటవాలుగా అతికి, చీలలు కొట్టి బిగించినచో మిగిలిన కిటికీ నిలుచును. ఊచలు తుప్పు పట్టినవేమో చూడవలెను. తుప్పు ఉబ్బినకొలది కర్రను చీల్చును. పాత రంగులలో సీసము ఉండుట కలదు గనుక, పొడిగా గీకి ఆ ధూళిని పిల్లలున్న ఇంటిలో రేపరాదు, తడిపి గీకవలెను.

కొత్తది తప్పనిసరి యైనచో కర్ర ఆరినదో లేదో చూచుట అన్నిటికంటె ముఖ్యము. కర్ర పొడవున ఇంచుమించు మారదు, అడ్డముగా మారును. నాలుగంగుళముల టేకు పట్టె బాగుగా ఆరినదే యైనను వేసవికిని వానకాలమునకును నడుమ మిల్లీమీటరు దాక పెరిగి తరుగవచ్చును. ఒక రెక్కలో ఇట్టివి మూడు నాలుగు చేరును. అందుచేత మంచి వడ్రంగి వేసవిలో చేసిన రెక్కకు చట్రముతో రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడుచును. అది పనిలోని లోపము కాదు, రాబోవు శ్రావణమునకు విడిచిన చోటు. పచ్చికర్రతో చేసిన కిటికీ మొదటి ఏట బిగువుగా నుండి ముచ్చట గొలుపును. రెండవ ఏట వంకర తిరుగును.

టేకు కొనజాలనివారు వేగిస చేవతో చట్రము చేయించుకొనవచ్చును. నల్లమద్ది బలమైనదే గాని ఆరునపుడు చీలును, వంగును. దానిని లోపలి దూలములకు వాడుట మేలు. మామిడి పలక వెల తక్కువ, పురుగుకు ఇష్టము. మా సీమలో ఎటు చూచినను కనబడు జామాయిలు తోటలు సారపాకలోని కాగితపు మిల్లువంటి వాని కొరకు పెంచినవి. ఆ కర్ర ఆరునపుడు మెలితిరుగును గనుక కిటికీ రెక్కకు పనికిరాదు.

రంగు వేయనివారు పలుచని అవిసెనూనెను రెండు మూడు పూతలుగా ఇంకింపవచ్చును. ఒక్క జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూలను పడవేయరాదు. అవి వానంతట అవియే వేడెక్కి అంటుకొనుట కలదు. నీటిలో ముంచి, పరచి ఆరవేయవలెను.

చివరిది కాగితము సంగతి. అడవి అంచున నివసించువారికి చౌక కలప రాత్రివేళ గడపలోనికి వచ్చుట కొత్త కాదు. దానిని కొన్నవాడు కిటికీతో పాటు భయమును కూడ ఇంటికి బిగించుకొనును. 1967 నాటి అటవీ చట్టమును, 1970 నాటి రవాణా నియమములును వచ్చిన నాటినుండి కలప కదలికకు అనుమతి పత్రము కావలెను. దుంగపై అటవీశాఖవారి సుత్తి ముద్ర ఉన్నదా, అమ్మువాని వద్ద రసీదు ఉన్నదా అని చూచి కొనవలెను. పాత కలప విషయములో సైతము ఏమరరాదు. పోలవరము ప్రాజెక్టు ముంపునకు లోనగు కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలములు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ఒకనాడు ఎడ్లబండిపై వచ్చిన తలుపు నేడు రాష్ట్రపు టెల్ల దాటి రావలసి యున్నది. అట్టిదానిని తెచ్చుటకు ముందు అటవీ కార్యాలయములో అడిగి తెలిసికొనుట మంచిది. విడిచివచ్చిన ఇంటి ద్వారబంధమును వెంట తెచ్చుకొనువారి వద్ద బేరమాడునపుడు, వారు అమ్ముచున్నది కర్ర మాత్రమే కాదని కూడ తలచుకొనవలెను.

మా ఇంటి సంగతి చెప్పి ముగింతుము. పాత కిటికీకి అడుగు పట్టెలో జానెడు ముక్క మార్చితిమి. పాడైన రెండవదానికి కర్ర ఎక్కడిదని వెదకుచుండగా, వరదకు కూలిన మా పశువులశాల దూలము పెరటిలో కనబడినది. పైన నల్లగా, బూజుపట్టి, కట్టెలలోనికి పోవలసినట్లుండెను. వడ్రంగి చిత్రిక నాలుగు మార్లు లాగగానే లోపలి తేనెరంగు చేవ బయటపడినది. నాలుగు రెక్కలకును అది చాలినది. జారు అద్దములు కోరిన పిన్నలే నేడు మధ్యాహ్నము క్రింది జంట మూసి, పై జంట తెరచి, ఆ గదిలో నిద్రించుచున్నారు.

గోదావరి మరల రాకపోదు. వచ్చినపుడు ఈ రెక్కలు ఉబ్బును, బిగుసుకొనును. అపుడు ఎవరును తొందరపడి గునపముతో పెకలింపక, కడిగి, నీడలో ఆరనిచ్చి, నెల దినములు ఓపిక పట్టవలెనని మా పిల్లలకు చెప్పి యుంచితిమి. మీ ఇంటను అట్టి పాత కిటికీ ఉన్నచో, అమ్ముటకు ముందు ఒక్కసారి ఆరతో గుచ్చి చూడుడు.