ఊటనేలలోని ఎర్రలిల్లీ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



లిల్లీ యనగానే మన పూలబజారులో అమ్ము తెల్లని పూలు తలపునకు వచ్చును. అవి నేలసంపెంగలు, నిజమైన లిల్లీ జాతివి కావు. నేడు మేము చెప్పదలచినది అమెరికా పడమటి సముద్రతీరమున తప్ప మరెక్కడను సహజముగా పెరుగని ఒక అడవి లిల్లీని గూర్చి. అంత దూరపు పూవుతో మాకేమి పని యని మీరనవచ్చును. ఆ పూవు కథ యంతయు ఊరి బయటి చిత్తడినేల కథయే కనుక మీకు పని కలదు.

ఆరెగాన్ రాష్ట్రపు దక్షిణ భాగము నుండి కాలిఫోర్నియా ఉత్తర భాగము వరకు, సముద్రమునకు సుమారు 4 మైళ్లలోపు సన్నని పట్టీలో ఈ మొక్క బ్రతుకుచున్నది. అడుగున గట్టిపొర యుండి నీరు త్వరగా ఇంకని ఊటనేలలు, రొంపి అంచులు దీనికి ఇష్టము. జూన్, జూలై నెలలలో పూయును. పూవు తల వంచుకొని వ్రేలాడును. రేకులు వెనుకకు ముడుచుకొనును. వాని కొనలు ఎరుపు, నడుమ పచ్చని నక్షత్రము. మన తేనెపిట్టను తలపించు హమ్మింగ్ పిట్టలు తేనెకై వచ్చి పుప్పొడిని మోయును. విత్తనము నుండి మొలచిన మొక్క పూయుటకు ఏండ్లు పట్టును.

1897లో దీనికి శాస్త్రీయనామము పెట్టిన కార్ల్ పర్డీ పూలదుంపల వర్తకుడు. తరువాత దుంపలు త్రవ్వుకొనిపోవువారి వలనను ఈ మొక్కకు నష్టము కలిగెను. అంతకు మించిన నష్టము నేల మారుటవలన వచ్చినది. మన వాక్కాయ వలె పుల్లనైన క్రాన్‌బెర్రీ పండ్ల తోటలకు, ఇండ్లకు, రోడ్లకు ఊటనేలలను చదును చేసిరి. కాలువలు త్రవ్వి నీరు తీసివేసిరి. ఆ రైతులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. రొంపినేల వృథాయని ఎల్లెడల అనుకొన్నట్లే వారును అనుకొనిరి. 1994లో అమెరికా ప్రభుత్వము ఈ లిల్లీని అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చినది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. మొక్కను కాపాడవలెనన్న కంచె వేసి పశువులను తోలివేయుటయే ఎవరికైనను మొదట తోచును. అచ్చటను కొన్ని తావుల అట్లే మేత ఆగిపోయినది. కొన్ని ఏండ్లకు పొదలు, ముళ్లతీగలు, పిదప స్ప్రూస్ చెట్లు క్రమ్ముకొనెను. ఆ నీడలో లిల్లీ క్షీణించెను. పూర్వము ఆదిమజాతులవారు పెట్టు మంటలు, మేయు జంతువులు ఆ పొదలను అణచుచుండెడివి. కంచె పూవును పశువునుండి కాపాడినది గాని పొదనుండి కాపాడలేకపోయినది!

కావున మేతను కాలము చూచి అనుమతించు పద్ధతి వచ్చినది. శీతకాలమున మొక్క పైభాగము ఎండి, దుంప భూమిలో నిదురించును. ఆ నెలలలో పశువులు మేసిన పొదలు అణగును, దుంపకు పెద్ద హాని యుండదు. మొలక పైకి వచ్చుటకు ముందే మందను తరలింపవలెను. ఆలస్యమైనచో లేత మొలకలు పశువుల నోట పడును. జింకలును వానిని విడువవు.

మన పంచాయతీలలోను తుంగగుంటలు, చెరువు శిఖములు, సముద్రపుటొడ్డు పఱ్ఱనేలలు కలవు. వానిని పూడ్చుటకో, పూర్తిగా కంచె వేయుటకో తీర్మానము ప్రవేశపెట్టునపుడు అందు ఏమి పెరుగుచున్నదో ముందు చూడవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము గ్రామపంచాయతీ స్థాయిలోని ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలసియున్నది. గ్రామములోని మొక్కలను, జంతువులను, వానిని గూర్చి ప్రజలకు గల తెలివిడిని రిజిస్టరులో వ్రాయించుట ఆ కమిటీ పని. ఆ రిజిస్టరును కార్యాలయములో కూర్చుండి నింపకుడు. తుంగ కోయువారిని, పశువుల కాపరులను వెంటబెట్టుకొని గుంట గట్టునకు పొండు. ఏ నెలలో అచ్చట ఏది పూయునో, మంద ఎప్పుడు దిగునో వారిని అడిగి వ్రాయించుడు.