మిషను మన ఇంట్లో, పానా ఎవరి చేతిలో?

(చాగలమర్రిలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే సమావేశంలో బట్టలుతికే మిషను సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. భూమి హక్కు, కూలి రేట్లు, గృహహింస - ఇన్ని సమస్యలుండగా మిషను చెడిపోవడం కూడా ఒక సమస్యేనా అని అడగవచ్చు. కానీ ఒక స్త్రీ రోజూ ముట్టుకునే వస్తువు గురించి ఆమెకేం తెలియాలి, ఏం తెలియకూడదు అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇది చిన్న ప్రశ్న కాదు. వంటింటి నుంచి పొలం దాకా మనం అడుగుతున్న ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

చాగలమర్రి కర్నూలు - కడప దారిలో, ఆళ్లగడ్డకూ మైదుకూరుకూ మధ్య ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో చివరి మండలాల్లో ఒకటి. ఇటువంటి ఊళ్లలో మొన్నమొన్నటిదాకా బట్టలంటే కాలువ గట్టు, బావి గట్టు, పెరట్లో బండ. ఊరి మైల ఉతికే పనిని ఒక కులం నెత్తిన పెట్టి, కోతలప్పుడు నాలుగు గింజలు కొలిచి సరిపెట్టుకున్నాం. ఇంట్లో మిగిలిన ఉతుకుడు ఆడవాళ్ల నెత్తిన పడింది. అంటే ఈ పని కులం చేతా, స్త్రీల చేతా చేయించుకున్న పనే తప్ప, అందరూ పంచుకున్న పని ఏనాడూ కాదు. ఆ పని చోటులోకే మిషను వచ్చింది. మిషను వచ్చింది గానీ చోటు మారలేదు.

లెక్కలు చూడండి. కేంద్ర గణాంక శాఖ 2019లోనూ, 2024లోనూ ప్రజలు రోజులో ఏ పనికి ఎంత సమయం ఇస్తున్నారో సర్వే చేసింది. ఆరేళ్లు దాటినవారిలో జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే పెట్టారు. ఆ పని చేసే పురుషులు పెట్టింది 97 నిమిషాలు. 2024 నాటికి స్త్రీల సమయం 289 నిమిషాలకు తగ్గింది. పురుషులది కూడా 88కి తగ్గింది! అయిదేళ్ల కిందట ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాలు, ఇప్పుడు 201. అయిదేళ్లలో మనం సాధించిన సమానత్వం ఒక్క నిమిషం. అదీ ఇంటి పనికి అసలు చెయ్యి పెట్టే పురుషులతో పోలిస్తే. అలా చెయ్యి పెట్టేవాళ్లు నూటికి 27 మందే. స్త్రీలు నూటికి 81 మందికి పైగా.

అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఒక పుస్తకం రాసి ఈ విషయం తేల్చి చెప్పింది. ఇంటి పరికరాలు వచ్చాక బరువు తగ్గింది కాని తల్లి పని తగ్గలేదు. వారానికోసారి ఉతికేవి రోజూ ఉతకాల్సి వచ్చింది, శుభ్రత ప్రమాణం పెరిగింది, అంతకుముందు పక్కన నిలబడి సాయం చేసినవాళ్లు తప్పుకున్నారు. మన ఇళ్లలోనూ జరుగుతున్నదిదే. "నీకేం, మిషనుంది కదా" అన్న మాట వినని ఇల్లాలు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

ఆ మిషను ఒకరోజు ఆగిపోతుంది. అప్పుడు చూడాలి దాని మీద మన అధికారం ఏపాటిదో! మెకానిక్‌కి ఫోను చేయాల్సింది ఇంట్లో మగవాళ్లు. డబ్బులివ్వాల్సింది వాళ్లు. అతను వచ్చినప్పుడు మాట్లాడేదీ వాళ్లే. కంపెనీ మనిషి పెద్ద ఊరి నుంచి రావాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. ఆ రోజులన్నీ మళ్లీ బండ దగ్గరికి వెళ్లేది మాత్రం మనం. మిషను ఆగితే ఎవరి నడుము నొస్తుందో వాళ్లకు దాన్ని విప్పి చూసే హక్కు లేదు. "కరెంటుతో ఆటలా, నీకెందుకు" అంటారు. తడి చేతులతో రోజూ అదే కరెంటు మిషను దగ్గర నిలబడమన్నప్పుడు ఈ భయం ఎవరికీ గుర్తుకు రాదు.

ఇంతకీ దాని లోపల ఉన్నదేమిటి? మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మిషన్ని తీసుకుందాం. ఉతికే వైపు ఒక మోటారు, ఒక రబ్బరు బెల్టు, అడుగున తిరిగే చక్రం. పిండే వైపు, అంటే డ్రైయర్ వైపు ఇంకో మోటారు, మూత తీయగానే ఆపే బ్రేకు. పైన రెండు టైమర్లు. నీళ్లు బయటికి వదలడానికి ఒక రబ్బరు బిరడా, ఒక పైపు. ఇంతే. కుట్టు మిషను బెల్టు మార్చుకున్న మనిషికి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

ముందు జాగ్రత్తలు చెబుతాను. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. తొట్టిలో నీళ్లు ఖాళీ చేయాలి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి. ప్లగ్గు మూడు కాళ్లది అయ్యుండాలి, ఆ మూడో కాలికి ఇంట్లో నిజంగా ఎర్త్ ఉండాలి. మిషన్ని ముట్టుకుంటే జుమ్మంటున్నదంటే అది వాడకూడని మిషను. ముందు ఎర్త్ సంగతి, వైర్ల సంగతి ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి. ఇంకొక ముఖ్యమైన మాట: మోటారుకు తగిలించిన కెపాసిటర్‌లో ప్లగ్గు పీకిన తర్వాత కూడా కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. కెపాసిటర్, మోటారు చుట్ట, ఆటోమేటిక్ మిషన్లలో ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు - ఇవి శిక్షణ ఉన్నవాళ్ల పని.

మిగిలినవి మనం చూసుకోగలిగినవే. మిషను అసలు కదలకపోతే అదే ప్లగ్గు చోట ఇంకో వస్తువు పెట్టి చూడండి. తప్పు చాలాసార్లు గోడలోనే ఉంటుంది. మోటారు గుయ్‌మంటూ చక్రం తిరగకపోతే, ప్లగ్గు పీకి చక్రం మధ్యనున్న స్క్రూ తీసి పైకెత్తండి. జేబులో మరిచిన రూపాయి బిళ్ల, పిన్నీసు, చీర దారాలు కనిపిస్తాయి. అక్కడేమీ లేకపోతే వెనక తలుపు విప్పి బెల్టు చూడండి. జారి ఉండవచ్చు, పగిలి ఉండవచ్చు, వదులై ఉండవచ్చు. వదులైతే మోటారు బోల్టులు కొంచెం సడలించి మోటారుని వెనక్కి జరిపి బిగిస్తే సరిపోతుంది. తెగితే పాత బెల్టునే దుకాణానికి పట్టుకెళ్లండి, దాని మీద నంబరు ఉంటుంది. నీళ్లు పోకపోతే పైపు మడత పడిందేమో, కొస ఎత్తుగా ఉందేమో చూడండి. తర్వాత బిరడా కింద దూది, వెంట్రుకలు, గుండీలు చూడండి. డ్రైయర్ తిరగకపోతే మూత సరిగా పడిందా, బట్టలు ఒక పక్కకే పేరుకున్నాయా చూడండి. మూత తీసినప్పుడు డ్రైయర్ వెంటనే ఆగకపోతే మాత్రం బ్రేకు బాగుచేయించేదాకా వాడవద్దు. పిల్లల చేతులు నలుగుతాయి. వైర్లు ఎలుకలు కొరికాయేమో అడుగున చూడండి. బోరు నీళ్లకు పట్టే తెల్లటి పెళుసును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో వదిలించవచ్చు.

నేను చెప్పిన వాటిలో డిగ్రీ కావలసిన పని ఏదీ లేదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పానా, ఒక టెస్టరు చాలు. అయినా ఇది మనకు రాని పనిగా ఎందుకు మిగిలింది? చిన్నప్పుడు తమ్ముడు రేడియో విప్పితే తెలివైనవాడన్నారు, అక్క విప్పితే పాడుచేస్తుందన్నారు. ఐటీఐలో ఆడపిల్లకి కుట్టుపని, మగపిల్లవాడికి ఎలక్ట్రీషియన్ అన్నారు. మిషనుతో వచ్చే పుస్తకం చాలాసార్లు మనం చదవలేని భాషలో ఉంటుంది. "స్త్రీలకు యంత్రాలు రావు" అన్నది ప్రకృతి కాదు. పద్ధతిగా నేర్పకపోవడం వల్ల తయారైన అజ్ఞానం అది.

నేర్పితే ఏమవుతుందో మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణం మీదికి కదిలారు. 1993లో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. అక్కడ ముందు అక్షరం వచ్చింది. ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో ముందు పానా వచ్చింది. 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమంలో అక్కడి దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపులు విప్పి బాగుచేయడం నేర్చుకున్నారు. చేసిన పని రాసుకోవడానికి అక్షరాలు కావాలని తామే అడిగారు. ఎవరు ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయని ఊరు అందో, ఆ చేతులే ఊరికి నీళ్లిచ్చాయి. మన పక్కన తెలంగాణలో 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు స్త్రీలను తీసుకోమంటే బబ్బూరి శిరీష, మరికొందరు హైకోర్టుకు వెళ్లారు. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి 2021లో శిరీష ఉద్యోగం సంపాదించింది. కరెంటు స్తంభం ఎక్కగలిగిన స్త్రీ జాతికి బెల్టు మార్చడం చేతకాదా?

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. దాన్ని మనం చూడకపోతే ఈ ప్రసంగం వ్యర్థం. ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం పక్కన "మరమ్మతు" అని ఇంకొక జీతం లేని పని మన జాబితాలో చేరకూడదు. "నీకొచ్చు కదా, నువ్వే చూసుకో" అంటే అది స్వాతంత్య్రం కాదు, కొత్త చాకిరీ. అందుకని రెండు షరతులు. ఇంట్లో మనం పానా పట్టిన రోజున మగవాళ్లు బట్టలు ఆరేయాలి. అది సరదాకి చెప్పే మాట కాదు, పని విభజన మాట. బయట ఇతరుల మిషను బాగుచేస్తే దానికి కూలి ఉండాలి. మగ మెకానిక్‌కి ఇచ్చేంత కూలి ఉండాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీలు బాగుచేసే ఆదిలక్ష్మి గురించి పత్రికల్లో చదివే ఉంటారు. ఆమె చేసేది సాయం కాదు, వృత్తి.

ఇక చట్టం సంగతి. బిల్లు భర్త పేరు మీద ఉంది కాబట్టి మనం ఫిర్యాదు చేయలేమనుకుంటాం. అది తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడి ఒప్పుదలతో ఆ వస్తువుని వాడే మనిషి కూడా వినియోగదారే. అంటే మిషను వాడే స్త్రీ స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు, మనం ఉంటున్న లేదా పనిచేస్తున్న చోటికి సంబంధించిన జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోగా వేయాలి. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతే. కాబట్టి బిల్లు అడగండి, మీ పేరు మీద రాయించండి. గ్యారంటీ గడువు ఉన్నంతకాలం మిషను విప్పకండి. విప్పారన్న సాకుతో కంపెనీ తప్పించుకోవచ్చు. ఫిర్యాదు రాతలోనే ఇవ్వండి. పెళ్లిలో పెట్టిన మిషను అయితే 1985 నియమాల ప్రకారం కానుకల జాబితా రాసి ఉంచాలన్న సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్పండి. రేపు ఏ కారణంగానో ఆ ఇంటి నుంచి బయటికి రావలసి వస్తే "అది నాది" అనడానికి కాగితం ఉండాలి.

గ్యారంటీ తీరాక ఇంకో కథ మొదలవుతుంది. సామాను దొరకదు, కొత్తది కొనుక్కోమంటారు. అందుకే ప్రపంచమంతా "మరమ్మతు హక్కు" అన్న మాట వినిపిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో దీనిపై ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. పొలం యంత్రాలతో పాటు ఇంటి వస్తువులనూ అందులో చేర్చింది. మంచిదే. కాని పోర్టల్ చట్టం కాదు. పోర్టల్‌లో పేజీ ఉన్నంత మాత్రాన ఆళ్లగడ్డ దుకాణంలో బెల్టు దొరకదు. ఆ చర్చలో కంపెనీలు ఉన్నాయి, అధికారులు ఉన్నారు. మిషను ముందు నిలబడే స్త్రీ ఉండాలని అడగవలసింది మనమే.

అందుకని నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను. ప్రతి మహిళా సంఘం తన డబ్బుతో ఒక పనిముట్ల పెట్టె కొని ఉమ్మడిగా ఉంచాలి. చెడిపోయిన పాత మిషను ఒకటి సంపాదించి, తెలిసినవాళ్ల చేత దాన్ని విప్పించి, బిగించి నేర్చుకోవాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ తరగతికి మన ఊరి ఆడపిల్లలను పంపాలి. ఇక నాలుగోది, తెలుగులో పుస్తకం, విడిభాగాల ధరల పట్టిక, గడువు తీరాక కూడా సామాను అందాలన్న హామీ - ఈ మూడింటినీ కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అడగాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ హాల్లోనే ఒక పాత మిషన్ని మధ్యలో పెడుతున్నాం. ప్లగ్గు పీకి ఉంటుంది. దూరం నుంచి చూడటానికి ఎవరూ కూర్చోవద్దు. ఒక్కొక్కరు ఒక్కొక్క స్క్రూ విప్పండి.