అడగడం నేర్చుకుందాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాం, ఎందరు పాసయ్యారు అని ఏటా ఈ సభలో లెక్క చెప్పుకుంటాం. ఈసారి ఉపాధ్యాయులుగా మేము మరో లెక్క మీ ముందు పెడుతున్నాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక వరుసగా వచ్చిన వార్తలు మనకింకా గుర్తున్నాయి.

మేము బి.ఎడ్.లో మనోవిజ్ఞానం చదువుకున్నాం. అయితే "నేను బతికి ఎవరికి లాభం సార్?" అని ఓ పిల్లవాడు అంటే ఏం చెప్పాలో ఆ పాఠాల్లో లేదు. అది విడిగా శిక్షణ తీసుకుని నేర్చుకోవలసిన పని. దీన్నే గేట్‌కీపర్ శిక్షణ అంటారు. డాక్టర్లు కానివారు, రోజూ మనుషుల మధ్య ఉండేవారు దీనికి తగినవారు.

ఇందులో మొదట నేర్పేది గుర్తుపట్టడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడడం, తాను ఇంటికి భారమనడం, నిద్ర, తిండి మారిపోవడం వంటివి గమనించాలి. రెండోది సూటిగా అడగడం: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పిల్లల గుండె బరువు కాస్త తగ్గుతుంది. ఆ ఒక్క ప్రశ్న నోటి వెంట రావడమే కష్టం కనుక, శిక్షణలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి పలికిస్తారు. మూడోది అప్పగించడం. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకూడదు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ఇంట్లోని మాత్రలు, పురుగుమందు చేతికందకుండా తీసేయించాలి. మానసిక వైద్యుని దాకా వెంట వెళ్లాలి. వారం తర్వాత మళ్లీ పలకరించాలి.

మన ఇళ్లలో ఒక సంగతి ఉంది. ఇది నిషిద్ధమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలిసిన బిడ్డే ఆలోచన వచ్చినప్పుడు రెట్టింపు భయంతో నోరు మూసుకుంటుంది. మొదటి మాటగానే "హరామ్ కదా" అంటే ఆ బిడ్డ ఇక పెదవి విప్పదు. ముందు వినాలి. ధర్మం చెప్పే సమయం తర్వాత వస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు కూడా కారణాలు తవ్వకుండా పక్కన కూర్చోవడం నేర్చుకోవాలి.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి పోనివారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి ఇంట్లో రాసిపెట్టుకోండి.

దాతలకు మా విన్నపం ఇది. మన సాయం అందే ప్రతి బడి నుంచి ఇద్దరు టీచర్లకు, ప్రతి హాస్టల్ వార్డెన్‌కు, మదరసా ఉస్తాదులకు, ఇమామ్ సాహెబులకు ఈ ఏడాది శిక్షణ ఇప్పిద్దాం. ఆడపిల్లలు మనసు విప్పేది ఆడవారి దగ్గరే కనుక సగం మందైనా స్త్రీలు ఉండాలి. అర్హత గల శిక్షకులనే పిలవాలి. నేర్చినది కాలంతో మరుగున పడుతుంది కాబట్టి ఏటా ఒక పూట మళ్లీ కూర్చోవాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. శిక్షకుల ఫీజు, దారిఖర్చులు, ఒక హాలు, భోజనాలు చాలు. స్కాలర్‌షిప్ నిధి ముట్టకుండా వీటికి విడిగా ఇవ్వమని కోరుతున్నాం.

మీరు ఫీజు కట్టిన పిల్లలు బతికి, చదివి, వచ్చే ఏడు ఈ సభలో మన ముందు కూర్చోవాలి.