రాయబారము వినని రాజ్యములు
(పిడుగురాళ్ల సభలో చేయబడిన ఉపన్యాసము)



కోడిపందెమువలన పల్నాడు పాడయ్యెనని మనవారు చెప్పుకొందురు. ఆ నింద కోడికి తగదని మా యభిప్రాయము. 12వ శతాబ్దిలో గురజాల నలగామరాజునకును మాచర్ల మలిదేవరాజునకును నడుమ జరిగిన ఆ పందెమున కొక షరతు కలదు. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెను. మాచర్లవారు ఓడిరి, వెడలిరి, గడువు తీర్చిరి. తీరిన పిమ్మట తమ పాలు తమకిమ్మని అలరాజును రాయబారము పంపిరి. అతడు పరాయివాడు కాడు, నలగామరాజునకు అల్లుడే. అయినను అతని మాట చెల్లలేదు. చర్లగుడిపాడున విషప్రయోగమున అతడు మడిసెనని వీరగాథ. పోరు జరిగినది నాగులేటి యొడ్డున కారెంపూడిలో. నిశ్చయమైనది మాత్రము చర్లగుడిపాడుననే.

నాయకురాలు నాగమ్మ నొక్కతెను దూషించి ఊరకుండుటయు న్యాయము గాదు. సింహాసనముపై కూర్చున్నది నలగామరాజు గదా! ఇక బ్రహ్మనాయుడో, చాపకూటిలో సకల కులములను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన మహనీయుడు. ఇద్దరు అన్నదమ్ములను మాత్రము కూర్చుండబెట్టలేకపోయెను.

గ్రీసుదేశ చరిత్ర చదివినపుడెల్ల మాకు ఈ రెండూళ్లే జ్ఞప్తికి వచ్చును. ఏథెన్సు, స్పార్టా లిరువురకును భాష యొక్కటే, వేల్పులొక్కరే. 30 ఏండ్లకు సంధి చేసికొని, తగవు పుట్టినచో మధ్యవర్తులకు విడువవలెనని అందు వ్రాసికొనిరి. మావంటి వకీళ్లు సైతము తప్పెన్నలేని షరతు! అది 14 ఏండ్లు నిలిచెను. పిదప ఏథెన్సు మధ్యవర్తుల తీర్పునకు సిద్ధమనగా స్పార్టా యొల్లదయ్యెను. క్రీ. పూ. 431లో స్పార్టా కడపటి దూతను పంపగా, ఏథెన్సువారు అతనిని సభకు రానీయక, కావలివారిని తోడిచ్చి ఆనాడే పొలిమేర దాటించిరి. పోరు 27 ఏండ్లకు గాని తెమలలేదు. 404లో ఏథెన్సు లొంగెను. గెలిచిన స్పార్టా గర్వమును 371లో థీబ్సు అణచెను. 338లో మాసిడోనియా ఫిలిప్పు కైరోనియాయొద్ద ఏథెన్సును, థీబ్సును ఒక్కమారే ఓడించెను. మన పల్నాడును అట్లే కాకతీయుల యేలుబడిలోనికి పోయెను.

కారెంపూడి వీరుల తిరునాళ్లు అయిదు దినములు గదా. అందొక దినమునకు రాయబారమని పేరు. ఆనాడు అలరాజు కథకు కన్నీరు పెట్టని పల్నాటివాడుండడు. ఆ కన్నీరు తుడుచుకొని యింటికి వచ్చి, గట్టు తగవుకై ప్రక్కవాని మనిషిని గుమ్మమెక్కనీయని వారిని మేమెరుగుదుము. ఈ సభలోనే కలరు. వారి పేర్లు చెప్పబోము. ఇరుపక్షములవారును ఒక్కొక్క పెద్దను నిర్ణయించుకొని వత్తురేని, కాగితములు చూచి మాటలు నడుపుటకు మేము సిద్ధము. ఫీజు పుచ్చుకొనము.